కీర్తిశేషులు డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావు గారు

మన సికిందరాబాదు చెంతనున్న బేగంపేటలో 1897వ సంవత్సరమున రొనాల్డ్ రాస్ గారు దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొనిరని విద్యార్థు లెరుగుదురు. అట్టి దీక్షతోనే రోగములపై పోరాడిన తెలుగువా రొకరి చరిత్రమును సంగ్రహముగా నిచట వ్రాయుచున్నాము.

సుబ్బారావు గారు 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. మెట్రిక్యులేషను పరీక్షలో రెండుమారులు తప్పి, మూడవమారు కృతార్థులైరి. మదరాసు వైద్యకళాశాలలో ఖద్దరు ధరించినందున ఆచార్యుని యాగ్రహమునకు గురియై, ఎం.బి.బి.ఎస్. పట్టమునకు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టమునే పొందిరి.

వారి సోదరు లిరువురు స్వల్పకాలములోనే స్ప్రూ అను సంగ్రహణి వ్యాధిచే మరణించిరి. ఈ వ్యాధి సోకినవారికి నోరు పూయును. విరేచనములచే శరీరము కృశించును. స్ప్రూ అను పేరు నోటిపూతకు డచ్చివారు వాడు మాటనుండి వచ్చినదే. నోటిపూతను కలిగించు ఈస్టు అను బూజుజాతి సూక్ష్మజీవియే స్ప్రూకును మూలమని ఆష్‌ఫర్డ్ అను వైద్యుడు వాదించెను. ఆ వాదము నిలువలేదు.

సుబ్బారావు గారు అమెరికాకు పోయి, హార్వర్డు విశ్వవిద్యాలయమున ఫిస్కే గారితో కలిసి శ్రమించి, శరీరమునకు శక్తి నొసగు ఏ.టి.పి. అను పదార్థమును గూర్చి 1929లో ప్రకటించిరి. 1940లో లెడర్లీ సంస్థను చేరిరి. వారి యాజమాన్యమున 1945లో ఫోలిక్ ఆమ్లము కృత్రిమముగా తయారయ్యెను. దానిని సేవించిన స్ప్రూ రోగులు కోలుకొనిరి. అచటనే పలుతావుల మట్టిని తెప్పించి, అందలి జీవులను పెంచి, వాని రసములలో నేది రోగక్రిముల నణచునో యని యొక్కొక్కటిగా పరీక్షించిరి. ఆ కృషి ఫలితముగా డగ్గర్ గారు ఆరియోమైసిన్ అను మందును కనుగొని 1948లో వెల్లడించిరి. ఆ యేటి ఆగస్టులోనే, 53 ఏండ్ల వయసున, సుబ్బారావు గారు నిద్రలో పరమపదించిరి.

ఇట్టి మందులు బాక్టీరియాల నణచును గాని ఈస్టును చంపజాలవు. పైగా కొందరు రోగులలో ఈస్టు విజృంభింపజొచ్చెను. మట్టిని పరీక్షించు మార్గముననే హేజెన్, బ్రౌన్ అను విదుషీమణులు ఈస్టును చంపు నిస్టాటిన్‌ను కనుగొని 1950లో ప్రకటించిరి.

నేడు ఉష్ణదేశపు స్ప్రూకు వైద్యులిచ్చు మందులు రెండు: ఒకటి ఫోలిక్ ఆమ్లము, రెండవది ఆరియోమైసిన్ కుటుంబమునకు చెందిన టెట్రాసైక్లిన్. సోదరులను హరించిన వ్యాధికి ఈ రెండు మార్గములును వారి ప్రయోగశాలయందే తెరువబడినవి. 1953లో ఒక శిలీంధ్రమునకు సుబ్బరోమైసిస్ అని వారి పేరిడిరి.

విద్యార్థులారా, పరీక్ష తప్పినంతనే క్రుంగిపోవలదు. ఓర్పుతో శ్రమించువారికి ఫలము లభింపక మానదని ఈ మహనీయుని జీవితము మనకు బోధించుచున్నది.