ఉతికినా పోని రంగు

ఫెస్ట్ టీషర్టుల ప్రింటింగ్ పనిలో ఉన్నప్పుడల్లా నాకు విలియం హెన్రీ పెర్కిన్ గుర్తొస్తాడు. 1838లో లండన్‌లో పుట్టాడు. 1856లో, పద్దెనిమిదేళ్లకే, ఇంటి ల్యాబ్‌లో క్వినైన్ చేయబోతే నల్లటి మడ్డి వచ్చింది. పారబోయకుండా ఆల్కహాల్‌లో కరిగిస్తే ఊదా రంగు తేలింది. పట్టుకి అద్ది ఉతికాడు, పోలేదు.

నూలుకి మాత్రం ఓ పట్టాన అంటలేదు. చదువు మానేసి, తండ్రి డబ్బుతో ఫ్యాక్టరీ పెట్టి, టానిన్ సాయంతో నూలుకీ పట్టించాడు. 1874లో ఫ్యాక్టరీ అమ్మేసి పరిశోధనకే వెళ్లిపోయాడు. 1907లో కన్నుమూశాడు.

మన డిజిటల్ ప్రింట్‌దీ ఇదే కథ. ముందు బట్టకి ప్రీట్రీట్‌మెంట్ సరిగ్గా పడాలి, తర్వాత వేడికి ఇంకులోని బైండర్ గట్టిపడాలి. లేదంటే నాలుగు ఉతుకులకే లోగో వెలిసిపోతుంది. రంగు పుట్టించడం ఒక ఎత్తు, నిలబెట్టడం ఒక ఎత్తు!