దేశదేశాలు తిరిగిన తల్లి బొమ్మలు

ఒక చెయ్యి పైకెత్తి, రెండో చెయ్యి గుండెకు ఆనించి ఒట్టు పెడుతున్న పడుచు మనిషి. యుద్ధం ఇంకెప్పుడూ వద్దనే అర్థం వచ్చే మూడు మాటలు. 1924లో జర్మనీలోని లైప్జిగ్ నగరంలో జరిగిన శ్రామిక యువజనుల సభ కోసం వేసిన గోడపత్రిక ఇది. వేసినావిడ చనిపోయిన ఎన్నో ఏళ్ల తరువాత, 1980 ప్రాంతాల్లో అణ్వాయుధాలు వద్దంటూ ఊరేగింపులు తీసిన జర్మనీ ప్రజలు మళ్లీ ఈ బొమ్మనే బయటికి తీశారు. ఆమె పేరు కేటె కోల్విట్స్. పేరు మనకు కొత్తే కాని ఆమె బొమ్మలు చూసిన దేశాలు చాలా ఉన్నాయి.

కేటె 1867 జులై 8న కోనిగ్స్‌బర్గ్ పట్టణంలో పుట్టారు. అప్పుడది ప్రష్యా రాజ్యంలో ఉండేది. ఇప్పుడు రష్యాలో ఉంది, పేరు కాలినిన్‌గ్రాడ్. తండ్రి న్యాయశాస్త్రం చదివి కూడా ఆ వృత్తిలోకి పోకుండా, తాపీపని నేర్చి ఇళ్లు కట్టించేవారు. కూతురి చేతిలోని పనితనం గుర్తించి బొమ్మలు నేర్పించారు. ఆడపిల్లలను పెద్ద చిత్రకళాశాలల్లో చేర్చుకోని రోజులవి. అందుకని బెర్లిన్, మ్యూనిక్ నగరాల్లో స్త్రీలకు విడిగా నడిచే బడుల్లో చదివారు. 1891లో డాక్టరు కార్ల్ కోల్విట్స్‌ను పెళ్లి చేసుకుని బెర్లిన్‌లో కూలి జనం ఉండే పేటలో కాపురం పెట్టారు. భర్త దగ్గరకు మందుకోసం వచ్చిన ఆడవాళ్లు ఈమె దగ్గర కూర్చుని గోడు చెప్పుకునేవారు. బొమ్మలకు కావలసిన ముఖాలన్నీ ఆమెకు అక్కడే దొరికాయి.

అచ్చు బొమ్మే ఎందుకు?

రంగులతో వేసిన పటం ఒక్కటే ఉంటుంది. కొన్న కలవారి గోడకే అది పరిమితం. అచ్చు బొమ్మ అలా కాదు. బట్టలపై అద్దకం వేసే దిమ్మ మాదిరిగా చెక్క మీద బొమ్మ చెక్కి, సిరా రాసి, కాగితం అద్ది తీస్తే ఎన్నో ప్రతులు వస్తాయి. నున్నటి రాతి మీద జిడ్డు సుద్దతో గీసి అచ్చు తీసే పద్ధతి మరొకటి. పేదవారికి అందాలంటే ఇదే దారి అని కేటె రంగుల పటాలు వేయడం మానుకున్నారు.

1893లో ఆమె ఒక నాటకం చూశారు. 1844లో సైలీషియా ప్రాంతపు నేతగాళ్లు కూలి గిట్టక వర్తకుల మీద తిరగబడిన కథ అది. ఆ కథ మీద ఆరు బొమ్మలు వేశారు. మగ్గం ఉన్న ఇంట్లోనే ఆకలితో పసిబిడ్డ ప్రాణం పోవడంతో ఆ వరుస మొదలవుతుంది. 1898లో బెర్లిన్ ప్రదర్శనలో న్యాయనిర్ణేతలు బంగారు పతకం ఇవ్వాలన్నారు. చక్రవర్తి రెండో విల్‌హెల్మ్ ఒప్పుకోలేదు. ఆ తరువాత 1524-25 నాటి జర్మన్ రైతుల తిరుగుబాటు మీద ఏడు బొమ్మలు వేసి 1908 నాటికి ముగించారు. అందులో ఒకదానిలో నాగలికి పశువులు ఉండవు. మనుషులే కాడి కట్టుకుని నేలకు వంగి లాగుతుంటారు.

కొడుకు పోయాడు

1914లో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. చిన్నకొడుకు పీటర్ వయసు 18. సైన్యంలో చేరడానికి తండ్రి అనుమతి కావాలి. తండ్రి వద్దంటే తల్లి కొడుకు తరఫున మాట్లాడి ఒప్పించారు. అక్టోబరులో పీటర్ బెల్జియంలో చనిపోయాడు. ఆ బాధ ఆమెను జీవితాంతం వదలలేదు. సమాధుల చోట మోకరిల్లిన తల్లిదండ్రుల రాతి విగ్రహాలను 1932లో గాని నిలబెట్టలేకపోయారు. 1922 నాటికి యుద్ధం మీద ఏడు చెక్క అచ్చులు పూర్తిచేశారు. మొదటి దానిలో ఒక తల్లి పసిబిడ్డను రెండు చేతులా ఎత్తి బలి ఇస్తున్నట్టు ఉంటుంది.

ఈ బొమ్మే చైనా చేరింది. 1931 ఫిబ్రవరిలో షాంఘైలో రౌ షీ అనే యువ రచయితను ప్రభుత్వం కాల్చి చంపింది. ప్రసిద్ధ రచయిత లూ షున్‌కు అతడు ఆప్తుడు. అతని తల్లికి చూపు లేదు. బహిరంగంగా సంతాపం చెప్పుకునే వీలు లేని కాలం. లూ షున్ ఆ తల్లి బొమ్మను ఒక పత్రికలో అచ్చు వేయించి, అదే తన మిత్రునికి నివాళి అని మనసులో అనుకున్నారు. 1936లో కోల్విట్స్ బొమ్మల సంపుటిని 103 ప్రతులు వేయించి, ఆ ఏడే కన్నుమూశారు. చెక్కపలక, ఉలి ఉంటే చాలు గనుక చైనా యువకులు ఆ దారి పట్టారు. మన దేశంలో బెంగాల్ కరువునూ, పంటలో మూడింట రెండు వంతులు కోరిన 1946 నాటి తేభాగా రైతులనూ చిత్రించిన సోమనాథ్ హోర్ కూడా చైనా అచ్చుల నుంచి, కోల్విట్స్ నుంచి నేర్చుకున్నవారే.

వెళ్లగొట్టినవారే వాడుకున్నారు

1919లో ప్రష్యా కళా అకాడమీకి ఎన్నికైన తొలి స్త్రీ కేటె. 1933లో హిట్లర్ ప్రభుత్వం రాగానే ఆమెను అక్కడి నుంచి తప్పించారు. 1936లో రహస్య పోలీసులు ఇంటికి వచ్చి నిర్బంధ శిబిరానికి పంపుతామని బెదిరించారు. అటు ఆమె బొమ్మలను ప్రదర్శనల నుంచి తీసేస్తూనే, ఇటు ఆమె గీసిన తల్లీబిడ్డల బొమ్మలు కొన్నింటిని నాజీలు తమ ప్రచారానికి వాడుకున్నారు. బొమ్మకు నోరు లేదు. కింద ఎవరు ఏమి రాస్తే దాని అర్థం అదే అవుతుంది.

1942లో ముగించిన చివరి రాతి అచ్చులో ఒక ముసలితల్లి ముగ్గురు పిల్లలను కొంగు కింద దాచి చేతులతో కమ్ముకుని ఉంటుంది. విత్తనాల గింజలు తిరగట్లో పోయరాదన్నది ఆ బొమ్మ పేరుకు అర్థం. విత్తనం విలువ తెలిసిన రైతుకు దీన్ని విడమరచి చెప్పనక్కరలేదు. అదే ఏడు మనుమడు పీటర్ రష్యా యుద్ధరంగంలో చనిపోయాడు. మేనమామ కాదు, చిన్నాన్న పేరే ఆ మనుమడికి పెట్టుకున్నారు. 1943లో బాంబులు పడి బెర్లిన్ ఇల్లు కాలిపోయింది. 1945 ఏప్రిల్ 22న, జర్మనీ లొంగిపోవడానికి సుమారు రెండు వారాల ముందు, ఆమె మోరిట్స్‌బర్గ్‌లో మరణించారు.

1993లో జర్మనీ ప్రభుత్వం, చనిపోయిన కొడుకును ఒళ్లో పెట్టుకున్న తల్లి అనే ఆమె చిన్న శిల్పాన్ని పెద్దదిగా చేయించి బెర్లిన్ స్మారక మందిరంలో నిలిపింది. చంపినవారినీ చచ్చినవారినీ ఒకే గాట కట్టారని అప్పట్లో చాలామంది అభ్యంతరం చెప్పారు. బొమ్మ మంచిదైతే అందరూ వాడుకుంటారు. ఎవరు వేశారో, ఎందుకోసం వేశారో తెలుసుకుని చూడటమే చూసేవారి వంతు.