డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్య

ఏలూరు నుండి తాడేపల్లిగూడెం వెళ్ళే దారిలో, కొల్లేటి సీమకు చేరువలో గుండుగొలను గ్రామం ఉంది. పట్టాభి 1880 నవంబరు 24న అక్కడ ఒక పేద కుటుంబంలో జన్మించారు. మద్రాసులో వైద్యవిద్య ముగించి, మచిలీపట్నంలో వైద్యులుగా స్థిరపడ్డారు. రాబడి గల ఆ వృత్తిని స్వాతంత్ర్యోద్యమం కోసం త్యజించారు.

పంట చేతికి రాకముందే రైతుకు పెట్టుబడి కావాలి. అందుకు వడ్డీవ్యాపారియే దిక్కయితే, పండిన ధాన్యం కళ్ళంలోనే అప్పు కింద జమ అవుతుంది. న్యాయమైన వడ్డీకి రుణం లభించనిదే ఈ దైన్యం తీరదు. పట్టాభి ఆ లోటు తీర్చ పూనుకొన్నారు. 1915లో కృష్ణా జిల్లా సహకార బ్యాంకును, 1923లో లక్ష రూపాయల మూలధనంతో ఆంధ్రా బ్యాంకును నెలకొల్పారు. పలువురి పొదుపును ఒకచోట చేర్చి, అవసరమైనవారికి పెట్టుబడిగా అందించడమే ఇట్టి సంస్థల మార్గం. దేశాలకు రుణాలిచ్చే ప్రపంచ బ్యాంకుకు 1944లో గాని పునాది పడలేదు.

1948లో కాంగ్రెసు అధ్యక్షులుగా ఎన్నికైన పట్టాభి, అనంతరం మధ్యప్రదేశ్ గవర్నరుగా పనిచేసి, 1959 డిసెంబరు 17న కన్నుమూశారు. ఆంధ్రా బ్యాంకు 1980లో జాతీయమై, 2020లో యూనియన్ బ్యాంకులో విలీనమైంది. పేరు మరుగైనా, పేదవానికి దానం కంటె సులభ రుణమే నిలువనీడ అన్న పాఠం మిగిలింది.