రాబర్టు స్మాల్సు

అమెరికా సంయుక్త రాష్ట్రములలోని దక్షిణ కరోలినా యందు బ్యూఫోర్టు అను చిన్న రేవు పట్టణము కలదు. 1839వ సంవత్సరము ఏప్రిల్ 5వ తేదీన, అచ్చట ఒక ధనికుని యింటి వెనుక గుడిసెలో రాబర్టు స్మాల్సు జన్మించెను. తల్లి లిడియా ఆ యింటి బానిస. బానిసకు పుట్టిన బిడ్డయు బానిసయే యనుట ఆనాటి శాసనము.

పండ్రెండవ యేట యజమాని అతనిని చార్లెస్టను నగరమునకు కూలికి పంపెను. స్మాల్సు వీధి దీపములు వెలిగించెను, రేవులో బరువులు మోసెను, తెరచాపలు కుట్టెను, తుదకు ఓడ నడుపుట నేర్చెను. కూలిలో అధిక భాగము యజమానికే పోవుచుండెను. 1856లో అతడు హన్నా అను బానిస స్త్రీని వివాహమాడెను. భార్యను, కుమార్తెను విడిపించుటకు 800 డాలర్లు కావలసి వచ్చెను. ఎంత కూడబెట్టినను ఆ మొత్తము సమకూడలేదు.

1861లో అంతర్యుద్ధము మొదలయ్యెను. దక్షిణ సేనకు ఆయుధములు చేరవేయు ప్లాంటరు అను ఆవిరి యోడకు స్మాల్సు చుక్కాని పట్టువాడయ్యెను. రేవు వెలుపల ఉత్తర రాష్ట్రముల నౌకాదళము కాచుకొని యుండెను. అచ్చటికి చేరినచో స్వేచ్ఛ లభించును; కాని దారి పొడవునను కోటల ఫిరంగులుండెను.

1862 మే 12వ తేదీ రాత్రి, ఓడ అధికారులు మువ్వురును ఆజ్ఞను మీరి ఒడ్డున నిద్రింపబోయిరి. తెల్లవారుజామున స్మాల్సు, తోడి బానిస నావికులు ఓడను కదల్చి, మరియొక రేవు కడ వేచియున్న తమ కుటుంబములను ఎక్కించుకొనిరి. పట్టుబడినచో ఓడను ముంచివేయ నిశ్చయించుకొనిరి. స్మాల్సు కాప్టెను టోపీ ధరించి, అతనివలె నిలిచి, ఒక్కొక్క కోట యెదుట తగిన ఈల సంకేతము నిచ్చుచు సాగెను. సమ్టరు కోటను దాటగానే తెల్లని దుప్పటి నెగురవేసిరి. కాల్పులకు సిద్ధపడిన ఉత్తర నౌక దానిని చూచి ఆగెను. నాడు పదునారుగురు దాస్యవిముక్తులైరి.

అతడు అంతటితో తృప్తి చెందలేదు. వాషింగ్టను నగరమునకేగి, నల్లవారిని సైన్యమున చేర్చుకొనవలెనని యుద్ధ మంత్రి స్టాంటనును కోరెను. ఐదు వేలమందిని చేర్చుకొనుటకు అనుమతి లభించెను. 1863లో ఫిరంగుల వానలో కాప్టెను భయపడి దాగుకొనగా, స్మాల్సు తానే ప్లాంటరును నడిపి రక్షించెను. పిమ్మట ఆ ఓడకు కాప్టెనయ్యెను. అట్టివానిని 1864లో ఫిలడెల్ఫియా ట్రాము బండిలో నల్లవాడను కారణమున కూర్చుండనీయరైరి.

బాల్యమున చదువునకు నోచుకొనని అతడు పెద్దవాడైన పిదప అక్షరములు నేర్చెను. 1868లో దక్షిణ కరోలినా రాజ్యాంగ సభలో ఉచిత పాఠశాలల కొరకు పాటుపడెను. 1875 మొదలు 1887 లోపల ఐదు పర్యాయములు అమెరికా ప్రతినిధి సభ సభ్యుడుగా నుండెను. 1895లో నల్లవారి వోటు హక్కును హరింప బూనిన రాజ్యాంగ సభలో తీవ్రముగా ప్రతిఘటించెను, కాని ఫలింపలేదు.

తన తల్లి ఊడిగము చేసిన యింటిని స్మాల్సు యుద్ధకాలముననే కొనియుండెను. 1915 ఫిబ్రవరి 23వ తేదీన, ఆ యింటనే, యజమానిగా కన్నుమూసెను. అతడు జన్మించిన గుడిసె ఆ యింటి పెరటిలోనిదే.