లెక్కల విద్యను లోకమునకు పంచిన లూకా పాచోలీ

దూరదేశములతో వ్యాపారము చేయువాని సొత్తు అతని కంటి యెదుట నుండదు. ఓడ నడిసముద్రమున నుండును; సరుకు పరదేశమందలి ప్రతినిధి చేతిలో నుండును; రావలసిన పైకము మరియొక నగరమున నుండును. తనకు మిగిలినదెంతయో, తాను ఇతరులకు బాకీపడినదెంతయో అతనికి తెలుపునది పద్దుల పుస్తకమొక్కటియే. ఆ పుస్తకమును వ్రాయు విధానమును అచ్చువేయించి అందరికిని అందజేసినవాడు ఇటలీ దేశీయుడగు లూకా పాచోలీ.

ఆయన సుమారు 1447వ సంవత్సరమున టస్కనీ సీమలోని సాన్‌సెపోల్క్రో అను చిన్న పట్టణమున జన్మించెను. యౌవనమున వెనిస్ నగరమునకు పోయి, రొంపియాసి అను వర్తకుని ముగ్గురు కుమారులకు గణితము బోధించుచు, తానును వ్యాపారపు మెలకువలను గ్రహించెను. మన మలబారు తీరపు మిరియములు అరబ్బుల ఓడలలో ఎర్రసముద్రము దాటి ఈజిప్టు చేరగా, వెనిస్ వర్తకులు వానిని కొని యూరపునకు చేర్చుచుండిన కాలమది. పిమ్మట పాచోలీ ఫ్రాన్సిస్కను సన్యాసి యయ్యెను. 1477లో పెరూజియా విశ్వవిద్యాలయమున గణితాధ్యాపకుడుగా చేరెను.

జంటపద్దు విధానమును కనిపెట్టినది పాచోలీ కాదు. 1340 నాటి జెనోవా నగరపు లెక్కలలోనే అది కానవచ్చుచున్నది. కొత్రూల్యీ అను వర్తకుడు 1458లో దానిని గూర్చి కొంత వ్రాసెను గాని, ఆ గ్రంథము 1573 వరకు అచ్చుకాలేదు. వర్తకుని కొట్టులో పనికి కుదిరినవాడో, లెక్కల బడిలో చేరగలిగినవాడో తప్ప తక్కినవారికి ఆ విద్య దుర్లభముగా నుండెను.

1494లో పాచోలీ వెనిస్ నగరమున తన గణిత మహాగ్రంథమును ప్రకటించెను. పండితుల భాషయగు లాటినును విడిచి, వర్తకులు మాటలాడు ఇటాలియనులోనే దానిని రచించెను. అందులో 36 అధ్యాయములు పద్దుల విధానమునకే వినియోగించెను. పూర్వము 1202లో పీసా నగరవాసి లియొనార్డో తన గ్రంథమున వివరించిన మన భారతదేశపు అంకెలే ఆ గణితమునకు ఆధారములు.

ఆయన చెప్పిన పుస్తకములు మూడు. మొదటిది చిత్తు పుస్తకము: జరిగిన వ్యవహారమును జరిగినట్లు, ఏ నాణెముతో జరిగిన ఆ నాణెముతోనే వ్రాయవలెను. రెండవది చిట్టా: నానాదేశపు నాణెములను ఒకే నాణెమునకు మార్చి పద్దులు కట్టవలెను. మూడవది ఆవర్జా: ప్రతి పద్దును రెండు చోట్ల ఎక్కించవలెను. నూరు డుకాటులకు మిరియములు కొన్నచో, మిరియముల ఖాతాకు నూరు వచ్చినట్లును, రొక్కపు ఖాతానుండి నూరు పోయినట్లును వ్రాయవలెను. చివరకు రెండు వైపుల మొత్తములు సమానము కాకున్నచో ఎచ్చటనో తప్పు దొరలినదని తెలియును.

ఒక్కొక్క సరుకునకు, ఒక్కొక్క ఓడ ప్రయాణమునకు వేరు ఖాతా యుండుటచే, ఏ బేరము లాభించినదో ఏది ముంచినదో వర్తకునకు తేటపడెను. దూరమున నున్న భాగస్వాములు పుస్తకము చూచి వాటాలు తేల్చుకొనగలిగిరి. ముఖపరిచయము లేనిచోట పద్దు నమ్మకమునకు ఆధారమాయెను.

1496 ప్రాంతమున పాచోలీ మిలాను ప్రభువు ఆస్థానమునకు పోయెను. అచ్చట లియొనార్డో ద విన్చీ ఆయనకు మిత్రుడై, ఆయన మరియొక గ్రంథమునకు చిత్రములు గీసెను. 1509లో అచ్చయిన ఆ గ్రంథములో, తన ఊరివాడేయగు చిత్రకారుడు పియెరో రచనను, ఆయన పేరు చెప్పకయే పాచోలీ చేర్చెను. ఆ నింద నేటికిని తొలగలేదు. 1517లో ఆయన దివంగతుడయ్యెను.

1543లో ఆయన విధానము ఆంట్వెర్ప్, లండను నగరములలో అచ్చటి భాషలలో వెలువడెను. తరువాతి శతాబ్దమున మన మచిలీపట్టణమున కొట్లు తెరచి కలంకారీ బట్టలు కొన్న డచ్చి కంపెనీవారు ఆసియాఖండమున తమ లెక్కలను ఈ జంటపద్దు విధానముననే వ్రాసిరి. అయితే బట్ట వెల, ఓడ కిరాయి ఆవర్జాలో కెక్కును గాని, నేతగాని ఆకలి కెక్కదు. రెండు వైపులు సరితూగినంత మాత్రమున ధర్మము సరితూగినట్లు కాదు. పద్దు చదువనేర్చినవాడే ఆ వెలితిని పసిగట్టగలడు.

కొద్దిమంది గుట్టుగా నుండిన విద్య ఒక్క గ్రంథము వలన, అదియు వాడుక భాషలో వ్రాసిన గ్రంథము వలన, చదువనేర్చిన వారందరి సొత్తయ్యెను. గ్రంథాలయమునకు వచ్చు రైతు సోదరులును, చిన్న వర్తకులును తమ లెక్క తామే వ్రాసికొని, ఎదుటివాడు చూపిన లెక్కను తామే సరిచూచుకొనగలిగిననాడు పాచోలీ శ్రమ మన ఊరను ఫలించినట్లగును.