కదలెడు నేల – ఆల్‌ఫ్రెడ్ వేగెనర్

గుడివాడ ప్రాంతమున మాగాణి గలవారును, బందరులో మేడ గలవారును తమ సొత్తును స్థిరాస్తి యని దస్తావేజులలో వ్రాయించుకొనుచున్నారు. నేల యెంత స్థిరమో దివిసీమవారికి తెలియును. ఏరు మేట వేసినచోట పొలము లేచుటయు, సముద్రము కోసినచోట పొలము పోవుటయు వారు చూచినవే. అయినను ఈ కోతకు మేటకు ఆవల, దేశమంతయు ఒక్కుమ్మడిగా కదలుచున్నదను సంగతి కొలదిమందికే విదితము. భారతదేశము ఏటికి సుమారు 5 సెంటీమీటర్ల చొప్పున ఈశాన్యముగా జరుగుచున్నది. ఖండములు కదలునని సాక్ష్యములతో వాదించి, పండితులచే నిరాకరింపబడి, తన మాట నెగ్గుట చూడకయే మరణించిన ఆల్‌ఫ్రెడ్ వేగెనర్ చరిత్రమును పాఠకులకు నివేదింపదలచితిమి.

వేగెనర్ 1880 నవంబరు 1వ తేదీన బెర్లినులో జన్మించెను. 1905లో ఖగోళశాస్త్రమున డాక్టరు పట్టము పొందియు, వాతావరణ పరిశోధనయందే మనస్సు నిలిపెను. 1906లో అన్నయగు కుర్టుతో గూడి బెలూనులో 52 గంటలకు పైగా ఆకాశమున నుండి, నాటికి ఎవ్వరును చేయని సాహసము చేసెను. ఆ యేడే గ్రీన్‌లాండు హిమభూమికి మొదటిసారి పోయెను. ఆయన భూగర్భశాస్త్రజ్ఞుడు కాడు. ఈ సంగతియే తరువాత ఆయనపై నేరముగా మోపబడినది.

ఖండములు ఒకప్పుడు కలిసియుండి విడివడినవని 1912 జనవరిలో ఫ్రాంక్‌ఫర్టు పండితసభలో ఆయన ప్రతిపాదించెను. యుద్ధమున గాయపడి విశ్రాంతి తీసికొనుచు వ్రాసిన గ్రంథము 1915లో వెలువడెను. ఆఫ్రికా, దక్షిణ అమెరికాల తీరములు అతుకు పెట్టినట్లుండుట పటము చూచిన వారెల్లరు ఎరిగినదే. వేగెనర్ అంతటితో తృప్తిపడక రాళ్లను సాక్ష్యమునకు పిలిచెను.

ఆ సాక్ష్యములో మన దేశమునకు భాగము కలదు. గోదావరి లోయలోని బొగ్గుపొరలలో గ్లాసాప్టరిస్ అను ప్రాచీన వృక్షపు ఆకుల అచ్చులు కనబడును. అవియే దక్షిణాఫ్రికా, ఆస్ట్రేలియా, అంటార్కిటికాలలోను కలవు. ఆ పొరల అడుగున మంచు ఈడ్చి తెచ్చిన గుండ్రాళ్లు కలవు. ఎండలు మండు దేశమున మంచు ఎట్లుండెను? గోండుల సీమ పేర ఈ రాళ్లకు మెడ్లికాటు గోండ్వానా యని పేరిడగా, ఆస్ట్రియా పండితుడు సూయెస్ ఆ పేరునే ప్రాచీన మహాఖండమునకిచ్చెను. అయితే నడిమి భూములు సముద్రమున కుంగిపోయెనని సూయెస్ తలచెను. ఖండముల రాయి తేలిక, సముద్రగర్భపు రాయి బరువు. తేలికది బరువుదానిలో మునుగదు గనుక ఖండములే తొలగిపోయినవని వేగెనర్ చెప్పెను.

ఇంత బరువును జరుపు శక్తి ఏదని పండితులు నిలదీసిరి. వేగెనర్ చూపిన శక్తులు చాలవని ఇంగ్లండులో జెఫ్రీస్ లెక్కలతో నిరూపించెను. ఆ లెక్క తప్పు కాదు. కాని కారణము తెలియలేదని కార్యమునే కాదనుట న్యాయమా? కాలువలో నీరు పారుట కన్నులార చూచియు, బెజవాడలో ఏ తలుపులెత్తిరో తెలియదు గనుక నీరే రాలేదనుట వంటిదే ఇది. స్వదేశమున ఆచార్య పదవి దొరకక, 1924లో ఆయన ఆస్ట్రియాలోని గ్రాజ్ నగరమునకు పోయెను.

1930లో గ్రీన్‌లాండు నడిబొడ్డున మంచుపై నిలిపిన పరిశోధన స్థానమునకు ఆహారసామగ్రి చేర్చుటకై ఆయన బయలుదేరెను. అచటికి చేరి, తన యేబదియవ జన్మదినమగు నవంబరు 1వ తేదీన రాస్మస్ విల్లుమ్సెన్ అను గ్రీన్‌లాండు యువకునితో తీరమునకు మరలెను. ఇరువురును రాలేదు. 1931 మే నెలలో వేగెనర్ దేహము మంచులో దొరికెను. దానిని భక్తితో పూడ్చి గుర్తు నిలిపినవాడు విల్లుమ్సెన్. అతని దేహము మాత్రము నేటికిని దొరకలేదు. వేగెనర్‌ను స్మరించువారు ఈతనిని మరువరాదని మా మనవి.

తరువాత 1950 దశాబ్దమున దక్కను లావారాళ్లలోని అయస్కాంత చిహ్నములను పరీక్షింపగా, అవి భూమధ్యరేఖకు దక్షిణమున గట్టిపడినట్లు తేలెను. అట్టి రాళ్లు రాజమహేంద్రవరము చెంతను కలవు. 1960 దశాబ్దమున సముద్రగర్భము నడిమి చీలికలనుండి క్రొత్తగా పుట్టి ప్రక్కలకు జరుగుచున్నదని రుజువగుటతో ఖండచలనము సర్వసమ్మతమయ్యెను.

సుమారు 13 కోట్ల సంవత్సరముల క్రిందట అంటార్కిటికానుండి భారతదేశము విడివడిన చీలికయందే మన తూర్పుతీరము పుట్టినది. ఆనాడు కుంగిన పల్లములలో ఒకదానికి గుడివాడ పేరును, మరియొకదానికి బంటుమిల్లి పేరును శాస్త్రజ్ఞులు పెట్టియున్నారు. వానిపై వేల అడుగుల మందమున పేరుకొన్న మట్టిమీదనే మన పంటలు పండుచున్నవి. ఆ పొరలనుండియే చమురును, సహజవాయువును తీయుచున్నారు. పాఠశాలలలో భూగోళమును బోధించువారు ఖండముల పేర్లతో సరిపుచ్చక, మన పొలముల క్రిందనున్న ఈ చరిత్రమును పిల్లలకు చెప్పుట యుక్తము. అన్యశాస్త్రజ్ఞుడని సాక్షిని త్రోసివేయుటవలన విద్యకు ఎంత కాలము నష్టమగునో వారు దానితోపాటే నేర్చుకొందురు.