మాడపాటి బడి, మా అవ్వ మందుల చీటీ

మాడపాటి హనుమంతరావు పేరు చెప్తే మా మిర్యాలగూడ దోస్తులు చానామందికి తెల్వది. 1885ల కృష్ణా జిల్లాల పుట్టినా, చిన్నప్పుడు సదువుకున్నది మన సూర్యాపేటల, మేనమామ దగ్గర.

1921ల హైదరాబాద్‌ల ఒక సభ అయింది. అధ్యక్షుడు పుణెకెల్లి వచ్చిన కార్వే. అండ్ల ఒకాయన తెలుగుల మాట్లాడితే ఎగతాళి జేసిన్రు. ఆ రోషంతోనే ఆంధ్రజన సంఘం పుట్టింది. దాన్ని ఏండ్లకేండ్లు మోసింది హనుమంతరావే. ఉర్దూ అంటే ఆయనకు పగ లేదు, ఉర్దూ పత్రికకు రాసినోడే. కానీ సర్కారు సదువంతా ఉర్దూల నడుస్తుంటే, 1928ల ఆడపిల్లలకు తెలుగు బడి పెట్టిండు. ఉస్మానియా గుర్తింపు ఇయ్యలే. ఇచ్చిందెవలో ఎర్కేనా? గా కార్వే పెట్టిన మహిళా విశ్వవిద్యాలయమే!

1951ల హైదరాబాద్ తొలి మేయర్ అయిండు. భాషకు కొట్లాడినోని మీదనే పట్నం మోరీలు, సాఫ్‌సఫాయి బాధ్యత పడ్డది. 1970ల కాలం జేసిండు.

భాష, పానం రెండూ ఒక్క తొవ్వలనే ఉన్నయనిపిస్తది నాకు. మొన్న మా అవ్వకు ఒక దవాఖానల ఇచ్చిన చీటీ అంతా ఇంగ్లీషే. పొద్దుగాల గోలీ ఏదో, రాత్రి గోలీ ఏదో మందుల దుకాణం పిలగాడే గీతలు గీసి చెప్పిండు. ఓట్లకొచ్చేటోళ్లు మన యాసల మస్తు మాట్లాడ్తరు. ఈ సంగతి ఒక్కలన్న ఎత్తిన్రా? మల్లొస్తే గా చీటీ చేతుల పెట్టి, సదివి చెప్పున్రి అంట.